ముందు సీటు

మా అక్క మొగుణ్ణి మేమంతా పరుపుల బావ అంటాం. పరుపుల దుకాణం ఆయనది. వచ్చినవాడు ఎంత తొందరలో ఉన్నా సరే, చెప్పులు విప్పించి పరుపు మీద పడుకోబెట్టందే ధర చెప్పడు. చేత్తో నొక్కితే ఏం తెలుస్తుంది, మీ నడుముని అడగండి అంటాడు. అలా పడుకున్నవాళ్ళలో కొందరు నిజంగానే నిద్రపోయేవాళ్ళు. ఆ గురక కథలన్నీ దాచిపెట్టుకుని వాళ్ళమ్మకి చెప్పేవాడు.

ఆవిణ్ణి నేనూ అక్కతోపాటు అత్తయ్యా అనే పిలిచేవాణ్ణి. ఆవిడకి కిడ్నీలు చెడిపోయి, వారంలో సగం రోజులు డయాలసిస్‌కి తిరగాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో బావ షాపు మూసి వచ్చేసరికి ఆవిడ నిద్రలో ఉండేది. తల్లీకొడుకులు తీరిగ్గా మాట్లాడుకునేదల్లా ఆసుపత్రి దారిలోనే. పాత చిన్న కారులో ఆవిడది ముందు సీటు, కొడుకు పక్కన. ఆవిడకి ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. కుడి చెవి కొడుకు వైపు పెట్టి, అతని నోటినే చూస్తూ వినేది. ట్రాఫిక్ ఆగిపోతే ఊరంతా తిట్టుకుంటుంది, వాళ్ళిద్దరికీ మాత్రం పండగే. నేనొకసారి వెనక కూర్చుని వెళ్ళాను. దారి పొడుగునా నన్ను పలకరించిన పాపాన పోలేదు.

చిక్కల్లా ఆ సీటుతోనే. మరీ కిందికి ఉండేది. చికిత్స అయ్యాక అందులోంచి లేవడానికి అత్తయ్య ప్రాణం పోయినంత పనయ్యేది. బావ పరుపు ముక్క కోసి కింద వేశాడు, వీపు వెనక ఇంకోటి కుట్టించాడు. లాభం లేకపోయింది. అప్పుడు పెద్ద బండి కొనాలని పట్టుబట్టి, తోడుగా నన్ను ఈడ్చుకెళ్ళాడు.

ఏ షోరూముకి వెళ్ళినా ఒకటే వరస. మెడకి టై కట్టుకున్న కుర్రవాడు సన్‌రూఫ్ తెరిచి చూపిస్తాడు, ఫోన్‌తో మాట్లాడితే అద్దాలు దిగుతాయంటాడు, వెనక తలుపు కింద కాలు ఆడిస్తే అదే తెరుచుకుంటుందంటాడు. ఇది ప్రయాణానికా కాపురానికా అని నేనొకణ్ణి అడిగాను, నవ్వలేదు. బావకి ఇవేవీ ఎక్కలేదు. సరాసరి వెళ్ళి మధ్య వరసలో కూర్చునేవాడు. ఒక బండిలో సీటు బాగా వాలుతుంది గానీ తొడల కింద ఆసరా చాలదన్నాడు. ఇంకోదాంట్లో సీటు బ్రహ్మాండం, పైకెక్కే మెట్టు మాత్రం ఎత్తు. మరోదాంట్లో ఏసీ గాలి మోకాళ్ళకి కొడుతోంది, అమ్మకి చలి. కళ్ళు మూసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, ఆవిడ ఒళ్ళు తన ఒళ్ళయినట్టు ప్రతి సీట్లోనూ పడుకుని చూశాడు. ముందు సీటు జోలికి మాత్రం పోలేదు. అమ్మ ఇక అక్కడ కూర్చోదు కదా అన్నాడు.

చివరికి ఒకటి కుదిరింది. మధ్య వరసలో విడి సీట్లు, రెండు వైపులా చేతులు ఆనించుకోవచ్చు. కిటికీకి ఎండ తెర, పైకప్పులోంచి మెత్తటి గాలి, కాలు పెట్టుకోవడానికి వాటమైన మెట్టు. అత్తయ్య మొదటిసారి ఎక్కి కూర్చున్నప్పుడు, మహారాణీలా ఉన్నావని అక్క ఆటపట్టించింది. బావ మొహం వెలిగిపోయింది. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

మొదట్లో ఆవిడ "ఏంటి నాన్నా?" అని వెనక నుంచి అడిగేదట. రెండోసారి అడిగేది, మూడోసారి అడిగేది. తర్వాత అడగడం మానేసింది. బావ రోడ్డు మీద కళ్ళు పెట్టి గురక కథలు చెబుతూనే ఉన్నాడు. ఆవిడ కాస్త ఆలస్యంగా నవ్వేది. రానురాను తనే తగ్గించాడు. అమ్మ హాయిగా కునుకు తీస్తోంది, పాత కారులో ఒక్కరోజైనా ఇలా నిద్రపోయిందా అని నాతో గొప్పగా చెప్పాడు. నిజమేననుకున్నాను.

చివరిసారి ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు నేనూ ఉన్నాను. అత్తయ్య మెట్టు దగ్గర ఆగి, ముందు తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇవాళ ముందు కూర్చోనా నాన్నా?"

"వద్దమ్మా, అది అంతగా వాలదు. వెనకైతే నీ నడుముకి హాయి."

ఆవిడ తలుపు మీంచి చెయ్యి తీసేసింది. అంత ప్రేమగా వద్దంటే ఎవరు మాత్రం ఏమంటారు? బావ రెండు చేతులతో ఎత్తినంత పనిచేసి వెనక కూర్చోబెట్టాడు, తెర దించాడు, మోకాళ్ళ మీద శాలువా కప్పాడు. ఆ వారం దాటలేదు, ఆవిడ పోయింది.

తర్వాత చాలా రోజులు ఆ బండి కదల్లేదు. బ్యాటరీ పాడవుతుందని అక్క పోరగా పోరగా, ఒక ఆదివారం తాళాలు నా చేతిలో పెట్టాడు బావ. తను వెళ్ళి వాళ్ళమ్మ సీట్లో కూర్చున్నాడు.

కాస్త దూరం పోయాక షాపు సంగతులేమిటని అడిగాను. జవాబు లేదు. గట్టిగా అడిగాను. లేదు. అద్దంలోకి చూస్తే, ఎడమ చెవిని అరచేత్తో అదిమి పట్టుకుని ఉన్నాడు. బండి పక్కకి తీసి వెనక్కి తిరిగాను.

"చెవి నొప్పా బావా?"

"కాదు. నువ్వు పోనీ. ముందుకి చూస్తూ మాట్లాడు. మామూలుగా."

మళ్ళీ రోడ్డెక్కాను. ఏం మాట్లాడాలో తోచక ఆయన గురక కథే ఒకటి ఆయనకే అప్పజెప్పాను. పరుపు కొనడానికి వచ్చిన పెళ్ళికొడుకు నిద్రపోతే, మామగారు బిల్లు కట్టకుండా లేపి తీసుకుపోయిన కథ. ఎన్నిసార్లు చెప్పినా నవ్వొచ్చేదే. చెబుతూ నేనే నవ్వాను.

వెనక నుంచి, కాస్త ఆలస్యంగా, బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

ఏసీ ఆపేసి, బండి ఆపి, దిగి వెనక తలుపు తీశాను. ఇంకా ఆ చెవి మూసుకునే ఉన్నాడు.

"ఆ ఏసీ హోరులో ఒక్క ముక్క వినపడలేదురా. నీ భుజాలు కదిలితే నవ్వాను" అన్నాడు. "అమ్మా అంతే నవ్వేదన్నమాట."

మెల్లగా ఆయన చెయ్యి చెవి మీంచి తీశాను. లేపి తెచ్చి ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టుకుంటే, ఇంటిదాకా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.