అస్లౌగ్ పడకగది గోడ వయసు

డెబ్భై ఏళ్ళ తారల్డ్ భార్యను ఇంట్లోంచి గెంటేశాడనీ, ఆమె మూడు వారాలుగా ధాన్యపు కొట్టు పై అంతస్తులో పడుకుంటోందనీ మా లోయంతా చెప్పుకుంటున్నారు. ఆదివారం చర్చి అయ్యాక కాఫీ దగ్గర పుట్టిన ఈ మాట పాలడబ్బాల బండెక్కి పై ఊళ్ళ దాకా పోయింది. ఇందులో రెండో సగం నిజం. మొదటి సగం పచ్చి అబద్ధం. వాళ్ళ వాకిలికీ మా వాకిలికీ మధ్య ఒక్క కంచే అడ్డం. దాని మీద మోచేతులు ఆనించి నలభై రెండేళ్ళుగా నేను చూడనిది లేదు, అడగనిది లేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తారల్డ్ కౌలురైతు ఇంట ఏడో సంతానం. పద్నాలుగో ఏట గొడ్డలి భుజాన వేసుకుని మేనమామ వెంట దుంగల ఇళ్ళు కట్టడానికి వెళ్ళాడు. ఇంటి మూలల్లో అతను దుంగ మీద దుంగ కూర్చితే మధ్యలో కత్తి అంచు కూడా దూరదు. ఈ చుట్టుపక్కల అతని చేతి ఇళ్ళు పాతికకు పైనే ఉన్నాయి. నోరు మాత్రం విప్పడు. ఇవాళ అడిగినదానికి రేపు జవాబు చెప్పే మనిషి. వాన వస్తుందా అని అడిగితే అతను ఆలోచించి చెప్పేలోపు వాన వచ్చి వెలిసేది.

అతని భార్య అస్లౌగ్ కడుపులో మాట దాచుకోలేని మనిషి. ఆమె ఈర్ష్య కూడా దాగేది కాదు. తారల్డ్ ఓసారి పక్క ఊళ్ళో భర్త పోయినావిడ ఇంటి కప్పు బాగుచెయ్యడానికి ఒప్పుకుంటే, మూడు రోజులూ మధ్యాహ్నం భోజనం తానే మోసుకెళ్ళి, సాయంత్రం దాకా నిచ్చెన కింద కూర్చుని మేజోళ్ళు అల్లింది. అతని గొడ్డలి మీద కూడా ఆమెకు కడుపుమంటే. "దానికి నూనె రాసి తుడిచేటప్పుడు ఆ ముఖం చూడాలి అక్కా. నా వైపు అలా ఒక్కనాడు చూశాడా?" అనేది.

ఆమె మనసుకు నిలకడ ఇచ్చింది ఒక్క ఇల్లే. పంతొమ్మిది వందల ముప్ఫై అయిదులో, పద్దెనిమిదేళ్ళ పిల్లగా, కొండ మీది వేసవి మేతకు ఆవుల్ని తోలుకుని వచ్చింది. ఆ చలికాలమే తారల్డ్ ఆమె కోసం పైన్ చెట్లు కొట్టాడు, మరుసటి వేసవిలో ఇల్లు లేపాడు, ఆ పై ఏడు పెళ్ళి. నిజం చెప్పాలంటే ఆ ఇంటిని చూసి నాకే కడుపు మండేది. మా ఆయన పచ్చి కలపతో కట్టిన గోడల సందుల్లో నేనింకా నాచు కూరుతూనే ఉన్నాను.

ఆమెకు గుచ్చుకునే ముల్లు ఒకటుంది. దాని పేరు గున్‌వోర్. పిండిమర యజమాని కూతురు. అస్లౌగ్ కంటే ముందు తారల్డ్ ఆమెతో నాలుగైదేళ్ళు తిరిగాడు. అస్లౌగ్ వచ్చిన ఏడాదే వసంతంలో గున్‌వోర్ రేవుపట్నం వెళ్ళి పడవ యజమానిని కట్టుకుంది. "వదిలేసి పోయింది కాబట్టి నాకు దొరికాడు" అని అస్లౌగ్ నవ్వుతూనే అనేది. కళ్ళు నవ్వేవి కావు.

ఈ వేసవిలో పట్నం నుంచి ఐలిఫ్ అనే పొడుగాటి కుర్రాడు చెట్ల వలయాలు చదవడానికి వచ్చాడు. బోలుగా ఉండే బరమాతో చెట్టులోకి తొలిచి పెన్సిలంత పుల్ల బయటికి లాగేవాడు. నేను పక్కనే నిలబడి ప్రాణం తోడేస్తే అన్నీ చెప్పాడు. వేసవి వెచ్చగా ఉంటే ఆ ఏడు చెట్టు వెడల్పాటి గీత వేసుకుంటుంది, చల్లగా ఉంటే సన్నది. ఈ వెడల్పూ సన్నాల వరస లోయలో చెట్లన్నిటికీ ఒక్కటే. బతికున్న చెట్టు లోపలి గీతలకు పాత ధాన్యపు కొట్టు దుంగ బయటి గీతలను కలిపి, దానికి ఇంకా పాతది కలిపి, వందల ఏళ్ళు వెనక్కి పోవచ్చు. కొట్టు దుంగలోంచి తీసిన పుల్లలో గీతలు వెంట్రుకల్లా ఉన్న చోటు చూపించాడు.

"ఈ ఏళ్ళలో వేసవి వచ్చినట్టే లేదమ్మా. పంట చేతికొచ్చి ఉండదు."

మా ముత్తవ్వల ముత్తవ్వలు చెట్టు బెరడు దంచి పిండిలో కలిపి రొట్టెలు కాల్చిన రోజులు అవేనేమో. కథగా విన్నదాన్ని పుల్ల మీద వేలితో తడిమి చూశాను.

ఆ పూట అస్లౌగ్ ఊరుకుని ఉంటే సరిపోయేది. "కొట్టు సంగతి ఎవడికి కావాలి? మా పడకగది గోడ తొలిచి చూడు బాబూ. ముప్ఫై అయిదు చలికాలంలో మా ఆయన నా కోసం కొట్టిన చెట్లు. నీ విద్య నిజమో కాదో తేలిపోతుంది" అంది. ఎప్పటిలాగే నేను వినాలని, నన్ను చూస్తూ అంది. అతను మూడు దుంగలు తొలిచాడు.

ఆగస్టు చివర ఐలిఫ్ ఉత్తరం వచ్చింది. కాఫీ, మేకపాల చీజ్ బల్ల మీద పెట్టి, నన్ను పిలిచి మరీ పైకి చదివింది. ధాన్యపు కొట్టు చెట్లు మూడు వందల ఏళ్ళ కిందటివి. పడకగది దుంగలు మూడింటిలోనూ బెరడు కిందే ఉండే చిట్టచివరి వలయం పంతొమ్మిది వందల ముప్ఫై వేసవిది. ఆ పై చలికాలంలో కొట్టి ఉంటారు.

ఆమె కాగితం మడిచింది. మళ్ళీ విప్పింది.

"ముప్ఫైలో నాకు పదమూడేళ్ళు అక్కా."

"ఆ కుర్రాడు తప్పు లెక్కేశాడేమో."

"మూడు దుంగల్లోనూనా? ఆ చెట్లు ఆ గున్‌వోర్ కోసం కొట్టాడు. అది పోయాక దుంగలు మిగిలాయి, నేను దొరికాను. నలభై రెండేళ్ళు దాని గోడల మధ్య పడుకున్నాను."

తారల్డ్ అక్కడే ఉన్నాడు. కప్పు కడిగి బోర్లించి, వడ్రంగి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఆమె పరుపు చుట్టుకుని ధాన్యపు కొట్టు మెట్లెక్కింది. గెంటేసిందెవరో ఇప్పుడు చెప్పండి. రోజూ పొద్దుగూకే వేళ అతను గొర్రెతోలు కంబళి ఒకటి మెట్టు మీద పెట్టి వచ్చేవాడు. ఆమె తీసుకునేది, పొద్దున్నే మళ్ళీ అక్కడే వదిలేది. మాట మాత్రం లేదు.

"ఆయన్ని అడిగావా?" అన్నాను.

"అడగడమెందుకు? చెట్టు అబద్ధమాడుతుందా? మంచు పడనీ. మా అక్క దగ్గరికి పోతాను. ఆ గదిలో మాత్రం మళ్ళీ పడుకోను."

అన్నంత పనీ చేస్తుంది. ఆ కొట్టులో పొయ్యి లేదు. సెప్టెంబరులో పొద్దున్నే గడ్డి తెల్లబడడం మొదలైంది. అరవై రెండేళ్ళ మనిషి బట్టల పెట్టె సర్దుకుంటోంది.

మొన్న వాళ్ళింటి వెనక వాలులో ఎర్రపండ్లు ఏరుకుంటుంటే బూడిదరంగు పైన్ చెట్టొకటి కనబడింది. ఎన్నేళ్ళ కిందట చచ్చిందో, నిటారుగా ఉంది. మొదలు నుంచి నిచ్చెన అందేంత ఎత్తు వరకు బెరడు లేదు, పాత గొడ్డలి గాట్లున్నాయి. చుట్టూ మొద్దులు. నా బుట్ట కింద పడింది. మా నాన్న కూడా ఇలాగే చేసేవాడు. ఇంటికి పనికొచ్చే చెట్టును వసంతంలో బెరడు ఒలిచి, కొట్టకుండా కొన్నేళ్ళు నిలబెట్టేవాడు. కొమ్మలు పచ్చగానే ఉంటాయి. బంక ఊరి మాను చేవ పడుతుంది, తరతరాలు పుచ్చదు. బెరడు పోయిన చోట చెట్టు కొత్త గీత వేసుకోదు.

పరుగున కొట్టు ఎక్కాను.

"ఒసే అస్లౌగ్, నీ మొగుడు అబద్ధమాడలేదు, చెట్టూ ఆడలేదు. ముప్ఫై ఒకటి వసంతంలో ఒలిచాడు. గీతలు అక్కడితో ఆగాయి. కొట్టింది ముప్ఫై అయిదులోనే."

గుండెల మీంచి బండ దించానని నేను మురిసిపోతుంటే, ఆమె ముఖం ఇంకా నల్లబడింది.

"ముప్ఫై ఒకటిలో ఎవరి కోసం ఒలిచాడు?"

ఆమె సర్దుతున్న పెట్టె మూత దబ్బున వేసింది.

"కొట్టడమైతే ఒక్క రోజు పనక్కా. వీటిని అన్నేళ్ళు దాని కోసం నిలబెట్టాడు. ఇదింకా దరిద్రం."

చెయ్యి పట్టుకుని వడ్రంగి కొట్టానికి లాక్కొచ్చాను. తారల్డ్ గడ్డి పోగేసే దంతెకు కర్ర చెక్కుతున్నాడు. అస్లౌగ్ గడప దాటలేదు.

"అక్కా, ఆ చెట్లు ఎవరి కోసం ఒలిచాడో అడుగు."

"తారల్డ్, ఎవరి కోసం ఒలిచావని అడుగుతోంది."

"వినబడింది బోర్గిల్డక్కా. కొట్టు మీంచి కూడా వినబడుతూనే ఉంది."

"మరి ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదేం?"

"నన్నెవరూ అడగలేదు."

"మీ మధ్య ఉత్తరాలు మొయ్యడానికి నేను పోస్టుమనిషినా? నువ్వే అడగవే" అని ఆమెను లోపలికి నెట్టాను.

అస్లౌగ్ తలుపు పక్కనే నిలబడింది. "నేనే అడుగుతున్నాను. ఎవరి కోసం ఒలిచావు?"

అతను ఉలి పక్కన పెట్టాడు. రేపటి దాకా ఆగుతాడేమోనని భయపడ్డాను. ఆగలేదు.

"గున్‌వోర్ కోసం" అన్నాడు. అస్లౌగ్ చెయ్యి తలుపు గడియ మీదికి పోయింది. "ఏటా చలికాలం వచ్చి అడిగేది, కొడదామా అని. గొడ్డలి వెనకవైపుతో మానును తట్టి, ఇంకా చేవ పట్టలేదు, వచ్చే ఏడు చూద్దాం అనేవాణ్ణి. నాలుగు చలికాలాలు అదే మాట చెప్పాను. విసుగొచ్చి పోయింది, దాని తప్పేం లేదు. ఆ వేసవి నువ్వు ఆవుల్ని తోలుకొచ్చావు. మంచు పడగానే కొట్టేశాను. ఆ చెట్లు రెండో ఏటికే చేవ పట్టి ఉన్నాయి అస్లౌగ్."