శుభలేఖ మడత పెట్టిన కీబోర్డు

రాజమండ్రిలో మా వీధి చివర శుభలేఖలు టైపు చేసే డీటీపీ ఆవిడంటే నాకు కుళ్లుగా ఉండేది. నా కథలు నేనే టైపు చేసుకోవాలని, ఒకటి మెత్తగా ఉందని, ఇంకోటి చప్పుడెక్కువని, ఏళ్ల తరబడి ఆరు కీబోర్డులు మార్చాను. ఆవిడది అక్షరాలరిగిన పాత నల్ల కీబోర్డు. దాని కాళ్లు విరిగితే కింద ఒక శుభలేఖ మడిచి పెట్టుకుంది. పని మొదలుపెట్టే ముందు ఆ మడతను బొటనవేలితో కాస్త జరిపేది. ఇక వచ్చినవాళ్లతో ముహూర్తం మాట్లాడుతూనే ఒక్క తప్పు లేకుండా కొట్టేసేది.

ఉండబట్టలేక ఓ రోజు అడిగేశాను. "నా కొత్త కీబోర్డు మీరుంచుకుని, ఇది నాకిచ్చేయండి."

"దీన్నేం చేసుకుంటారు మాస్టారూ? సరే, పట్టుకెళ్లండి" అని నవ్వింది.

ఇంటికి తెచ్చి, మడత కూడా పెట్టి చూశాను. నా పేరే తప్పు పడింది.

వారం తర్వాత వెళ్తే నా కీబోర్డు కింద కొత్త శుభలేఖ మడత ఉంది. ఆవిడ వేళ్లు ఆగడం లేదు.

"ఎంత బాగుందోనండీ ఇది! ఎలా వదులుకున్నారసలు?" అంది.

అంత మంచి కీబోర్డు నాకు మళ్లీ దొరకలేదు.