తూకానికి వేసిన నవల

మా సదానందం పుస్తకం చదువుతుంటే చూడటానికి టికెట్ పెట్టవచ్చు. దమ్మామ్ క్యాంపులో మేం ఆరుగురం ఉండే రూములో ఆయన పేజీ తిప్పితే పక్క రూము పాకిస్తానీలు "క్యా హువా భాయ్" అంటూ పరుగెత్తుకొస్తారు. ఊరికే చదవడు మరి, పుస్తకంతో కొట్లాడతాడు. చెవి మీద పెన్సిల్ ముక్క, నోట్లో తిట్టు. నోటితో తిట్టగా మిగిలింది పేజీ అంచున రాస్తాడు.

ఊరు కోరుట్ల దగ్గర. పని ఏసీ డక్టులు బిగించడం. సౌదీకి వచ్చి పంతొమ్మిదేళ్లు. మా రూములో ఒక రివాజు ఉంది. ఎవరు ఛుట్టీకి ఊరు పోయినా మిగతా అందరివీ తలా రెండు కిలోల పార్సిల్ మోసుకుపోవాలి, వచ్చేటప్పుడు తలా రెండు కిలోలు మోసుకురావాలి. మా అందరికీ మామిడి తొక్కు, సకినాలు వస్తాయి. సదానందానికి మాత్రం పాత పుస్తకాలే. భార్య ప్రేమలత బస్టాండు దగ్గర పాత కాగితాల కొట్టులో ఏది దొరికితే అది పంపుతుంది. అందుకే ఆయన చదివినన్ని రకాలు కలెక్టరు కూడా చదివి ఉండడు.

ఒకసారి బర్రెల రోగాల పుస్తకం వచ్చింది. మా క్యాంపు చుట్టూ వంద మైళ్లలో బర్రె తోక కూడా లేదు. అయినా మూడుసార్లు చదివాడు. కడుపుబ్బరం పాఠం దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. "డాక్టరును పిలుసుడు ఆలస్యం జేసిండ్రు బాలన్నా, లేకుంటె బతుకుతుండె" అని నాతో అంటే, నేను నిజంగానే చావు కబురు విన్నట్టు లేచి నిలబడ్డాను.

వంటల పుస్తకం వచ్చినప్పుడు మా రూములో పది రోజులుగా పప్పు తప్ప ఏమీ లేదు. "గుప్పెడు జీడిపప్పు వెయ్యాల్నట! నీళ్ల పప్పు రుచిగ ఎట్ల వండాల్నో రాయవయ్యా, అప్పుడు నిన్ను వంటోడంట" అని ఆ పుస్తకాన్ని గోడకు కొట్టాడు. పొద్దున్నే అయిదింటికి లేస్తే గొప్పవాళ్లవుతారని ఇంకో పుస్తకం. "మేం మూడున్నరకే లేస్తున్నం. ఇంకెంత ముందు లేవాలె? పండుకునుడే బంద్ వెట్టాల్నా?" వెన్నెల మీద పాటల పుస్తకాన్ని కూడా తిడతాడనుకున్నాం. తిట్టాడు కానీ, అందులో నాలుగు వరుసలు తన హెల్మెట్ లోపల రాసుకున్నాడు. చూపించమంటే చూపించలేదు.

ఇక ఆ హత్య నవల! చివరి పదహారు పేజీలు లేవు. హంతకుడెవరో తెలియక మనిషి సగమయ్యాడు. నాలుగేళ్లుగా వంటవాణ్ని అనుమానిస్తున్నాడు. ఆ కోపంలో మా మెస్ వంటవాడితో కూడా మాట్లాడటం మానేశాడు.

ఇలాంటి మనిషి ఈ చలికాలంలో ఒక నవల పట్టుకుని గప్‌చుప్ అయిపోయాడు. పై దేశం పోయి పన్నెండేళ్లకు ఊరు చేరినవాడి కథట. మూడు శుక్రవారాలు చదివాడు, ఒక్క తిట్టు లేదు. జ్వరమేమోనని నుదురు పట్టి చూశాం. రాసిందేదో రాసి, పుస్తకం దిండు కింద పెట్టుకున్నాడు.

అదే వారం అంజన్న ఛుట్టీకి బయలుదేరాడు. శుక్రవారం మధ్యాహ్నం మంచం ఊచకు కాంటా వేలాడదీసి పార్సిళ్లు తూచుతున్నాం. సదానందం ఓవర్‌టైముకు పోయాడు. ఆయన సబ్బులు, ఖర్జూరం, బాదం కలిపి కిలో ఆరు వందలే తూగాయి.

"నాలుగు వందలు ఖాళీ ఉన్నది. నా సబ్బులు వెట్టుకుంటున్న" అన్నాడు అంజన్న.

"ఆయన వాటా నీకెందుకు పోవాలె?" అని నేను లేచాను. దిండు కింద చేయి పెట్టాను. నవల కాంటాకెక్కింది. సరిగ్గా రెండు కిలోలు. ఊరికి చెరువు తవ్వించినంత పుణ్యం చేశాననుకున్నాను.

సాయంత్రం సదానందం వచ్చి దిండు ఎత్తి చూశాడు. అప్పటికి అంజన్న విమానం గాల్లో ఉంది.

"బాలన్నా, ఈడ పుస్తకం ఉండె."

"పార్సిల్ల వెట్టిన. తూకం తక్కువైంది."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. "అండ్ల రాసిన."

"నువ్వు అన్నిట్లల్ల రాస్తవు గద."

"దీంట్ల కథ మీద రాయలే. నా మీద రాసుకున్న."

ఏం రాశాడో అప్పుడు బయటపడింది. నాలుగేళ్లుగా ప్రేమలతకు "కంపెనీ ఛుట్టీ ఇస్తలేదు" అని చెబుతున్నాడు. అది పచ్చి అబద్ధం. ఆఫీసులో ఛుట్టీ కాగితాలు చూసే మౌలా సాహెబ్ ప్రతి ఏడూ తనే పిలిచి అడుగుతాడు, ఈయనే వద్దంటాడు. ఆ నవల అంచున ఇలా రాశాడు: 'వీడు నాలెక్కనే. కంపెనీ పొమ్మంటుంది, నేనే పోతలేను. పోయినసారి మా ఇంట్ల ఫ్యాన్ స్విచ్చి ఏడున్నదో దొర్కలే. ఆమెను అడుగుడు సిగ్గనిపించి చెమటతోనే పండుకున్న. ఇంటికి పోయి ఏం మాట్లాడాలె?'

మర్నాడు అంజన్నకు ఫోన్ చేస్తే, "ఎప్పుడో ఇచ్చిన. నీ బిడ్డ కావ్య బండి మీద వచ్చి పట్కపోయింది" అన్నాడు.

ఆ తర్వాత ప్రేమలత నుంచి ఫోన్ లేదు. మూడో రోజు ఈయనే చేశాడు. మేం నలుగురం చెవులు రిక్కించాం.

"సబ్బులు అందినయా?"

"అందినయి."

"ఖర్జూరం?"

"అందింది."

"ఇంకా...?"

"అన్నీ అందినయి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇక మనిషికి నిలకడ లేదు. మంచానికీ తలుపుకూ మధ్య పది రోజులు నడిచాడు. ఆ నడక ఏదో రోడ్డు మీద నడిచుంటే కోరుట్ల చేరి, ఇంటి తాళం తీసుకుని, కాళ్లు కడుక్కునేవాడు. పుస్తకం తెరుస్తాడు, మూస్తాడు. బర్రెల పుస్తకం తలకిందులుగా పట్టుకుని గంట కూర్చున్నాడు. "నాలుగేండ్లు అబద్ధమాడినోనితోని ఎవలు మాట్లాడుతరు? ఇగ నాతోని మాట్లాడదు బాలన్నా" అనేవాడు. తప్పు నాది కాబట్టి నేను నోరెత్తలేదు. నా చరిత్రలో అన్ని రోజులు నోరెత్తకపోవడం అదే మొదలు.

దానికి తోడు కర్నూలు మౌలా సాహెబ్ వాకిట్లో నిలబడి కేకేశాడు. "ఏమప్పా సదానందం, ఈ తూరి కూడా పోవా? గురువారం లోపల కాయితం ఇయ్యకుంటే ఇంగ వచ్చే సంవత్సరమే!"

బుధవారం సాయంత్రం కావ్య ఫోన్ నుంచి ఒక ఫోటో వచ్చింది. నవల పేజీ. ఈయన పెన్సిల్ రాత కింద నీలం పెన్నుతో ఇంకో రాత. లోకంలోని పుస్తకాలన్నీ చదివిన మనిషి ఆ నాలుగు వరుసలు చదవలేక ఫోన్ నా ఒళ్లో పడేశాడు.

"నువ్వు సదువు."

"నేను నాలుగో తరగతే గద!"

"ఎన్నో తరగతైతేంది, సదువు."

కూడబలుక్కుని చదివాను. ఒక్కో మాటకు ఆయన ఒక్కో ఏడు ముసలివాడయ్యాడు.

'స్విచ్చి తలుపు ఎనుక ఉన్నది. నీకు చెమట పోస్తున్నదని నాకు ఎరుకే. లేచి ఫ్యాన్ వేస్తె, నీ ఇల్లు నీకే తెల్వదని ఎత్తిపొడిచిన అనుకుంటవని నేను గూడ కండ్లు మూసుకున్న. ఆ దినం ఇద్దరం ఉడికినం. ఏం మాట్లాడాల్నో నాకు గూడ తెల్వది. కంపెనీని బద్నాం చెయ్యకు. రా.'

సదానందం ఫోన్ తీసుకుని దగ్గరగా పెట్టి చూశాడు.

"పెన్నుతోని రాసింది సూడు. పుస్తకం మీద పెన్నుతోని రాస్తరా ఎవలన్న?" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదలడం నేను చూశాను గానీ, చూడనట్టే ఉన్నాను.

గురువారం కాగితం ఇచ్చాడు. మౌలా సాహెబ్ నమ్మలేక రెండుసార్లు సంతకం పెట్టించుకున్నాడు. "కారణం ఏం రాయాలప్పా?"

"ఫ్యాన్ స్విచ్చి."

"ఏమీ?"

"ఏం లేదు. ఫ్యామిలీ అని రాయుండ్రి."

విమానం వచ్చే మంగళవారం. మనిషికి ఇప్పటికీ నిలకడ లేదు, నడక ఆగలేదు. నిన్న ఆయన సంచిలో చేయి పెట్టి చూస్తే అన్నిటికంటే పైన హత్య నవల ఉంది.

"చివర లేని పుస్తకం మోసుకపోతున్నవేందే?" అన్నాను.

"హంతకుడెవలని ప్రేమలతను అడుగుత" అన్నాడు పెన్సిల్ చెవి మీద సర్దుకుంటూ. "మొదటిరోజు మాట్లాడెతందుకు ఏదో ఒకటి ఉండాలె గద."