జ్వరం చూసే చెయ్యి

ఏడో తరగతి లెక్కల్లో తప్పి బడి మానేసినవాణ్ణి. అంకెలకూ నాకూ ఉన్న పగ దుబాయ్ దాకా వచ్చింది.

పాత కార్లు బాగుచేసే గ్యారేజీలో మా ఉస్తాద్ ఒక కడప చాచా. రేకు మీద పని మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకుని, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చేతి వెనుక భాగం ఆనించేవాడు. "చాచా, జరం ఎంతుంది?" అని రోజూ అడిగేవాణ్ణి. అందరితోపాటు ఆయనా నవ్వేవాడు.

కరోనా తగ్గిన ఏడాది ఒక పాత ఇటలీ రేసు కారు వచ్చింది. అది పందేల్లో పరిగెత్తిందనడానికి రుజువు, తలుపు మీద రంగుపూతల కింద దాగిన నంబరొక్కటే. చాచా మూడు వారాలు వాటర్ పేపర్‌తో రుద్ది దాన్ని బయటికి తెచ్చాడు. ఆ సంగతి నాకు తెలియదు. శుక్రవారం ఆయన నమాజుకు వెళ్లినప్పుడు, ఆ మసక నంబరును మిగిలిపోయిన మురికి అనుకున్నాను. ముసలాయనకన్నా చురుకని చూపించుకోవాలని పాలిష్ మిషన్ పెట్టాను. పది నిమిషాల్లో నంబరు ఆనవాలు కూడా లేకుండా తలుపు అద్దంలా మెరిసింది.

ఎవరి పనో చెబితే వాణ్ణి ఇవాళే ఇండియా విమానం ఎక్కిస్తానన్నాడు గ్యారేజీ ముదీర్, అంటే మా మేనేజరు. రెండుసార్లు అడిగాడు. నేను నా బూట్లు చూసుకున్నాను. చాచా తలుపుకు చెయ్యి ఆనించి, తన చెయ్యే జారిందన్నాడు. పాత మనిషని విమానం ఎక్కించలేదు, షార్జాలో ట్యాక్సీల సొట్టలు తీసే షెడ్డుకు పంపేశారు.

నెల తర్వాత అక్కడికి వెళ్లాను. "తప్పు నీ మీదెందుకు ఏసుకున్నవ్ చాచా?"

ఆయన రేకు మీంచి చెయ్యి తియ్యలేదు.

"రెండుసార్లు అడిగేదాకా నీకోసమే ఆగినా అబ్బీ. రోజూ జరం అడిగే నోరు, ఆపొద్దు యాడికి పోయింది?"