ఎంగిలి ఆట

ఆస్పత్రి లాండ్రీలో పగటి షిఫ్టు ముగిసేసరికి బుల్లికి వేళ్ళు పిండేసిన గుడ్డపీలికల్లా అయిపోతాయి. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంది గాని, ఇంట్లో ఆఖరిది కాబట్టి పుట్టిననాటి నుంచీ బుల్లే. కణతల దగ్గర జుట్టు నెరిసినా, మోకాళ్ళు మెట్లు చూసి మొరాయిస్తున్నా ఇప్పటికీ బుల్లే. ఆమె పని చెప్పుకోవడానికి చిన్నది. ఇస్త్రీ చేసే వేడి రోలరు కింద నుంచి దుప్పటి బయటికొస్తుంది. జతగత్తె ఒక పక్క కొసలు పట్టుకుంటుంది, ఈమె రెండో పక్కవి. లాగాలి, దులపాలి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి, మడత పెట్టాలి. ఈలోగా ఇంకో దుప్పటి వచ్చి కూర్చుంటుంది. రోగులు ఇళ్ళకు పోతారో మరెక్కడికి పోతారో గాని, దుప్పట్లు మాత్రం తగ్గవు.

ఆ చాకిరీ అయ్యాక ఇంటి చాకిరీ. ఇంట్లో అన్నయ్య ఉన్నాడు. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచి, దాన్ని తీద్దామని వంగి, అక్కడే కూలబడ్డాడు. పక్షవాతం అన్నారు. కాలు కొంత దారికొచ్చింది. మాట పూర్తిగా వచ్చింది, నిజానికి అవసరం కంటే ఎక్కువే వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో దిండు, దిండు మీద చెయ్యి, పొద్దస్తమానం అదే కొలువు. అతనికి పెళ్ళి చేసుకునే తీరిక దొరకలేదు. ఆమెకు దొరికింది గాని అదో పెద్ద పురాణం, ఇప్పుడు విప్పితే ఈ కథ తెమలదు. మొత్తానికి చిన్నప్పుడు ఒకే గదిలో దెబ్బలాడుకుంటూ పెరిగిన ఇద్దరూ తిరిగి తిరిగి మళ్ళీ ఒకే గదిలో వచ్చి పడ్డారు.

వ్యాయామాలు చేయించడానికి ఆస్పత్రి నుంచి ఒకమ్మాయి వస్తుంది. రబ్బరు బంతిని పిసకమంది, గిన్నెలో బఠాణీలు పోసి ఒక్కొక్కటే వేళ్ళతో తీయమంది. బంతి మంచం కిందికి దొర్లిపోయింది. బఠాణీలు కూరలోకి పోయాయి. కిందటిసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి బుల్లిని గుమ్మం బయటికి పిలిచింది.

“చూడక్కా, ఆ వేళ్ళలో కదిలే శక్తి ఉంది, నేను చూశాను. ఆయనే కదపడం లేదు. వాడకపోతే చెయ్యి తన పనే మర్చిపోతుంది. వచ్చే పరీక్షకల్లా కాస్తయినా తేడా కనపడకపోతే నన్ను ఇక రావద్దంటారు. నా కోసం ఇంకా చాలామంది కాచుకుని ఉన్నారు.”

ఆ మాట బుల్లి మోసుకొచ్చి అన్నయ్యకు చెప్పింది.

“పోనీలే, ఆ పిల్లకి మెట్లెక్కే బాధ తప్పుతుంది” అన్నాడతను.

“నీకు చీమ కుట్టినట్టయినా లేదా?”

“ఎడంవైపు కుడితే తెలుస్తుంది. ఈ చీమ కుడివైపు కుట్టినట్టుంది.”

ఇంకోరోజైతే బుల్లి గిన్నె విసిరేసేది. కానీ కోపం రావడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదా. వెళ్ళి అంట్లు తోముకుంది. ఆ చెయ్యి అలాగే ఉండిపోతే గోదాము వాళ్ళు అతన్ని మళ్ళీ గేటులోకి కూడా రానివ్వరని, తన మోకాళ్ళు ఎన్నాళ్ళు ఆగితే ఈ ఇల్లు అన్నాళ్ళే నడుస్తుందని ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

ఒకనాడు భోజనాల వేళ జతగత్తె ఫోనులో తల దూర్చి కూర్చుంది. బుల్లి ఊరికే తొంగి చూసింది. నల్లటి తెర, పైనుంచి వరసలు కట్టి దిగే పురుగులు, అడుగున అటూ ఇటూ జరుగుతూ వాటిని కాల్చే చిన్న ఓడ. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

“ఇదెక్కడిదే నీకు?”

“పాత ఆటలక్కా, దుకాణాల్లో నిలబడి ఆడేవాళ్ళే, అవి. అన్నీ నెట్లో ఊరికే పెట్టేశారు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకాన్ని, దీన్ని వదుల్తానా?”

బుల్లికి మిగతా భోజనం గుర్తు లేదు. ఎందుకంటే ఆమె పుట్టి పెరిగింది ఆ పురుగుల చప్పుడులోనే. వాళ్ళ నాన్నకు వీడియో గేముల దుకాణం ఉండేది. ఇంటి ముందు గదే దుకాణం. మిషనులో వేసే బిళ్ళలు ఆటకొకటి చొప్పున అమ్మేవాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన బిళ్ళలాయన. ఇంటినిండా బిళ్ళలే గాని, కన్నపిల్లలకు ఒక్కటంటే ఒక్క బిళ్ళ ఇచ్చిన పాపాన పోలేదు. బిళ్ళ వేసి ఆడే ఆట గిరాకీది, మనది కాదు అనేవాడు. అయితే గిరాకీల్లో అందరూ ఆట ముగిసేదాకా ఉండరు. ఒకడికి బస్సు వచ్చేస్తుంది, ఒకడికి విసుగొస్తుంది, ఒకణ్ణి వాళ్ళమ్మ చెవి పట్టుకుని లాక్కుపోతుంది. తెర మీద ఇంకా ఒకటో రెండో ప్రాణాలు మిగిలి ఉంటాయి. అప్పుడు నాన్న కన్ను గీటేవాడు. ఇద్దరూ ఎగబడేవాళ్ళు. అన్నయ్య హ్యాండిలు పట్టుకునేవాడు, బుల్లి పీట ఎక్కి కాల్చే బటను నొక్కేది. దానికి ‘ఎంగిలి ఆట’ అని పేరు పెట్టింది బుల్లే. అమ్మ ఛీ అనేది. నాన్న మాత్రం, “ప్రాణం మిగిలిన ఆటని అలా వదిలేయకూడదర్రా, మిషను ఉసురు తగులుతుంది” అనేవాడు.

ఇంట్లో ఓ ముసలి లాప్‌టాప్ ఉంది. ఆస్పత్రి ఆఫీసులో కొత్తవి వచ్చినప్పుడు పాతవాటిని పనివాళ్ళకు పంచితే వచ్చింది. ఆ సాయంత్రం దాన్ని అన్నయ్య ముందు బల్ల మీద పెట్టి, జతగత్తె చెప్పిన పేజీ తెరిచింది. పురుగులు దిగాయి. ఓడ కదులుతోంది. ఒక్కసారిగా బుల్లి ముందుకు దూకి బటన్లన్నీ టకటకా నొక్కడం మొదలుపెట్టింది.

అన్నయ్య నవ్వాడు. జబ్బు చేశాక అంత నవ్వు అదే మొదలు.

“ఓసి నీ దుంపతెగ! అది డెమో! ఎవరూ ఆడకపోతే దానంతటదే ఆడుకునే బొమ్మ. చిన్నప్పుడూ ఇంతే, పీటెక్కి డెమోకి బటను నొక్కుతూ నేనే కాలుస్తున్నా నేనే కాలుస్తున్నా అని ఎగిరేదానివి.”

“ఎవరో వదిలేసి పోయారనుకున్నా” అంది బుల్లి, సిగ్గుపడుతూ. చేతులు ఎంగిలి ఆటకు అలవాటు పడి ఉన్నాయి, ఏం చేస్తాయి!

తెర మీద బిళ్ళ వేయమని ఇంగ్లీషులో వెలిగి ఆరుతోంది.

“ఊరికే ఆడొచ్చన్నావు, బిళ్ళ అడుగుతోందే?”

“ఐదో అంకె నొక్కితే బిళ్ళ వేసినట్టేనట.”

బుల్లి వేలు ఆ అంకె దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. చివరికి బుల్లి నొక్కింది. ఖణేల్ మని చప్పుడైతే ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు, నాన్న కేకేస్తాడేమో అన్నట్టు. ఆట మొదలైంది. పురుగులు ఎంత మెల్లగా దిగుతున్నాయంటే అన్నయ్యకు అనుమానం వచ్చింది.

“ఇదేంటే, చెడిపోయిందా?”

“మొదట్లో ఇలాగే ఉంటుందేమో. మనమెప్పుడూ మధ్యలోనే కదా దూరేవాళ్ళం.”

“మొదలు ఇంత తేలిగ్గా ఉంటుందని మనకెవరూ చెప్పనే లేదు” అన్నాడు అన్నయ్య.

ఆ రోజు నుంచి సాయంత్రాలు అదే పని. బాణం గుర్తుల బటన్లు కుడిపక్కన, కాల్చేందుకు అడుగున పొడుగు బటను. ఎడం చేత్తో అతను కాలుస్తాడు, ఓడను బుల్లి నడుపుతుంది. హ్యాండిలు తనది కాకుండా పోయిందని అతనికి లోపల మంట. “ఎడమకి! నీ ఎడమ కాదే, ఎడమ!” అని ఒకటే కేకలు. ఆ కేకలకోసమే బుల్లి అప్పుడప్పుడూ కావాలని తప్పు నడిపింది కూడా. ఇవాళ కాకపోతే రేపు, ఉండబట్టలేక ఆ చెయ్యి దిండు దిగుతుందని ఆమె ఆశ. దిగలేదు. అతను ఆడాడు గాని చెయ్యి ఆడలేదు. పరీక్ష దగ్గర పడింది. బుల్లి ఆశ కూడా దుప్పటి మడతలాగే చిన్నదవుతూ వచ్చింది.

ఆ పరీక్షకు ముందురోజు లాండ్రీలో రోలరు మొరాయించింది. దుప్పట్లన్నీ చేత్తో ఇస్త్రీ చేయాల్సొచ్చింది. ఒళ్ళు హూనమై బుల్లి ఇంటికొచ్చేసరికి అన్నయ్య లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని కాచుకుని ఉన్నాడు.

“ఎంతసేపే? ఒక్క ఆట, రా.”

అన్నం కూడా వద్దు, పడుకుంటే చాలనుకుంటూ వచ్చిన మనిషి. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న మాట నోరు దాటి వచ్చేసింది.

“నేనూ మనిషినే అన్నయ్యా. పొద్దుట్నుంచీ అక్కడ నా చేతులు అరగదీసుకుని వస్తే, ఇక్కడ నీ చెయ్యి కూడా నేనే అవ్వాలి. నాకు చేతకావడం లేదు. నిజంగా చేతకావడం లేదు.”

అతను లాప్‌టాప్ మూత వేయబోయాడు. అది చూసి ఆమెకు ఇంకా బాధేసింది. తిట్టిన నోటితోనే, “సరేలే, ఒక్కటే” అని కుర్చీ లాక్కుంది. ఐదో అంకె నొక్కింది. మొదటి వరసలు మెల్లగా దిగాయి. అతను కాలుస్తున్నాడు, ఆమె నడుపుతోంది. ఒక ప్రాణం పోయింది. పురుగుల చప్పుడు దూరమైంది. నిద్ర ఎప్పుడు ముంచుకొచ్చిందో తెలియదు, తల బల్ల మీదికి వాలిపోయింది. చెయ్యి మాత్రం బాణం బటన్ల మీదే ఉంది.

చేతికి చల్లగా ఏదో తగిలింది. తడి దుప్పటి కొస అనుకుంది నిద్రలో. అది మళ్ళీ తగిలి, ఆమె వేలిని పక్కకు నెట్టింది. బుల్లి ఒక కన్ను కొంచెం తెరిచింది.

దిండు నేల మీద ఉంది. అన్నయ్య కుడి చెయ్యి బల్ల మీద ఉంది. ఎడం చేత్తో ఎత్తి పెట్టుకున్నాడో ఏమో, బరువైన మూటలా పడి ఉంది. ఎడం చెయ్యి మాత్రం పొడుగు బటను వదల్లేదు. కుడి చూపుడు వేలు ఒక్కటే, వణుక్కుంటూ ఆమె వేలిని తోస్తోంది.

“జరుగు… జరగవే తల్లీ… ప్రాణాలు పోతున్నాయి…” అని పళ్ళ బిగువున గొణుగుతున్నాడు.

బుల్లి ఊపిరి బిగబట్టి, నిద్రలో జారినట్టు చెయ్యి జార్చేసింది. ఆ వేలు లేచింది. ఎడమ బాణం మీద పడింది. ఓడ ఒక్క కుదుపుతో ఎడమకు పోయింది. ఇంకా పోయింది. మూలకు వెళ్ళి ఇరుక్కుంది. కుడి బాణం దాకా వేలు చేరేలోపే పురుగు వచ్చి పేల్చేసింది.

“ఛ! బటను బిగుసుకుపోయింది” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! బుల్లికి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. బల్ల మీద చెంప కింద తడి చేరింది. తల ఎత్తితే ఆ వేలు ఎక్కడ ఆగిపోతుందోనని భయపడి కదలకుండా పడుకుంది. ఆఖరి ప్రాణం మొదలైంది. టక్ మంది. చాలాసేపటికి మళ్ళీ టక్ మంది, ఈసారి కుడి బాణం.

“లేచావని తెలుసులే” అన్నాడు అన్నయ్య, తెర మీంచి చూపు తిప్పకుండానే. “పడుకో. నువ్వు వదిలేసిన ఆట నేను చూసుకుంటా.”

పుట్టి బుద్ధెరిగాక బుల్లి ఇంకొకరికి ఎంగిలి ఆట మిగల్చడం అదే మొదటిసారి. ఆమె కళ్ళు మూసుకుంది.