రెండు ఇస్త్రీ బల్లలు

ఆ ఇస్త్రీ షాపులో రెండు బల్లలు, వాటి వెనక ఇద్దరు తోడికోడళ్ళు. ఒకప్పుడు వాళ్ళ నవ్వులు వీధి మలుపు దాకా వినిపించేవి. ఒకరోజు పెద్దామె కూతురు తెల్లచొక్కాల మీద టీ ఒలకబోస్తే, చిన్నామె గట్టిగా కసిరింది. పెద్దామె నోరు జారింది.

"పిల్లలుంటే తెలిసేది నీకు."

అంతే, ఆనాటి నుంచి ఎడమొహం పెడమొహం. ఈ బల్ల మీది బట్టలు ఆ బల్ల మీదికి వెళ్ళేవిగాని, మాట వెళ్ళేది కాదు. తప్పనిసరైతే గోడకు చెప్పినట్టు చెప్పుకునేవారు. ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యనే ఒక చిత్రకారుడు ఎదుటి మెట్ల మీద కూర్చుని వీధినంతా గీసుకుపోయాడు.

చలికాలంలో పెద్దామె జబ్బుపడి ఆస్పత్రిలో చేరింది. చూడ్డానికని చిన్నామె చెప్పులేసుకుని గడప దాకా వచ్చి, రేపు వెళ్దాంలే అని విడిచేసింది. తెల్లారేసరికి కబురొచ్చింది.

కొన్నాళ్ళకు పెద్దామె కూతురు, అమ్మ బొమ్మ ప్రదర్శనలో పెట్టారట, చూద్దాం రమ్మని పిన్నిని వెంటబెట్టుకెళ్ళింది. గోడంత చిత్రం. బస్సు కోసం మెడ చాచినవాడొకడు, ఊడిన సైకిలు గొలుసు ఎక్కించుకుంటున్నవాడొకడు. ఎవరి లోకం వారిది. ఒక మూల ఇస్త్రీ షాపు. చిత్రం పక్కన నిలబడి ప్రదర్శన తాలూకు ఒకావిడ చూడవచ్చినవాళ్ళకు వివరిస్తోంది, ఈ ఇద్దరికీ మాటతో పని లేదనీ, పనిలో మునిగిన ప్రశాంతత అదేననీ.

ప్రశాంతతా! చిన్నామెకు నవ్వొచ్చింది. దగ్గరికెళ్ళి చూసింది. బొమ్మలో తన తల చొక్కా కాలరు మీదికి వంగిపోయి ఉంది. పెద్దామె చెయ్యి ఇస్త్రీపెట్టె మీదే ఉన్నా, చూపు బట్ట మీద లేదు. తనవైపు ఉంది. పిలవబోయినట్టు పెదవులు కాస్త విడివడి ఉన్నాయి.

చిత్రకారుడు పక్కనే ఉన్నాడు.

"బాబూ, మా అక్క నిజంగానే నావంక చూసిందా? నువ్వే అలా పెట్టావా?"

అతను బొమ్మ దగ్గరికి వంగి చూశాడు. "గుర్తు లేదమ్మా. అక్కడొక చూపుంటే బాగుంటుందని పెట్టానేమో."

ఎంత అడిగినా అంతకుమించి చెప్పలేకపోయాడు. తిరిగొచ్చేటప్పుడు కూతురు మాత్రం, "అమ్మ అలా చాలాసార్లు చూసేది పిన్నీ" అంది. ఆ పిల్లది మొదట్నుంచీ జాలిగుండె. నిజమే చెప్పిందో, ఓదార్చడానికే అందో!

ఆ చిత్రాన్ని ఎవరో కొనుక్కుపోయారు. చిన్నామె రెండో బల్ల దగ్గర కొత్తమనిషిని పెట్టుకుంది. ఈవిడ ఊపిరి సలపనివ్వకుండా మాట్లాడుతుందని ఆ మనిషి అందరితో మొరపెట్టుకుంటోంది. తాను కాసేపు పలకకపోతే చాలట, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి వచ్చి, "ఏం, నామీద కోపమా?" అని అడుగుతుందట.