సోమన్నకు పని వెతుకుతూ గన్నవరం దాకా

మా సోమన్నకు వేదం వంటబట్టలేదు. గొంతు మంచిదే, కానీ పన్నాలు చెబుతూ చెబుతూ గుమ్మం వైపు చూసేవాడు. పద్దెనిమిదో ఏట నోరు విప్పి, "నాకు ఆరుబయట చేసే పనేదైనా చూపించండి నాన్నగారూ" అన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కొత్త కాలువలు తవ్వుతున్న రోజులవి. ఎండలో తిప్పితే వాడే దారికొస్తాడనుకుని, తెల్లవారుతూనే అమలాపురంలో ఎడ్లబండి ఎక్కించాను.

అంబాజీపేటలో దిగి అటుకులూ పెరుగూ తిన్నాం. అక్కడినుంచి నడక. ఈ దారిన వెళ్ళేవారు పొద్దెక్కకముందే నడవడం మంచిది. కొత్త కాలువగట్టు మీద నీడన్నది లేదు.

మధ్యాహ్నానికి గన్నవరం రేవు చేరి, గోదావరి పాయ వైనతేయ దాటడానికి పడవెక్కాం. పడవ నడిపే వీరన్నను, ఈ పని ఎలా ఉంటుందని సోమన్న అడిగాడు.

"ఆయ్, బాగానే ఉంటాదండి. వరదొస్తే మాత్రం ఇంట్లో ఆడోళ్ళకి నిద్దరుండదండి" అని వీరన్న తలెత్తి చూపించాడు. "అది ఎలా కట్టేరోనండి. ఇప్పటికీ చూస్తానే ఉంటాను."

నదికి అడ్డంగా బారుగా కమానులు. వాటి మీద, మా తలలకు ఎంతో ఎత్తున, ఒక తెరచాప నెమ్మదిగా సాగిపోతోంది. కింద నది, మీద కాలువ. గోదావరి నీళ్ళు గోదావరి పాయనే దాటి లంక పొలాలకు పోతున్నాయి. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

అవతలి గట్టున సర్వే మేస్త్రీ రంగయ్యగారు ముక్కాలి మీద దుర్భిణి నిలబెట్టి ఉన్నారు. సోమన్న చూశాక నన్నూ పిలిచారు. అందులో కొబ్బరిచెట్లు ఆకాశంలోకి వేలాడుతున్నాయి. కొలబద్ద పట్టుకున్న మనిషి తలకిందులుగా నిలబడ్డాడు.

"దీన్లో అన్నీ అలా తలకిందులుగానే కనపడతాయండి. ఎత్తుపల్లాలు దీన్లో చూసి, నీరెటు పారుతుందో ముందే చెప్పేస్తామండి" అన్నారు.

"ఈ పని నేను నేర్చుకోవచ్చాండీ?" అన్నాడు సోమన్న.

"ముందు కొలత గొలుసు మొయ్యాలి బాబూ. బురదలో దిగాలి. లెక్కలు తర్వాత."

"గొలుసు రెండో కొస ఎవరు పడతారండీ?" అని నేనడిగాను.

"ఎవరైనా పడతారండి. పన్లో కులం చూడం."

సోమన్న నావైపే చూస్తున్నాడు. కమానుల మీదుగా ఇంకో పడవ పోయింది.

"సంధ్య వార్చడం మానకురా" అన్నాను.

"మానను నాన్నగారూ."

ఆ గట్టునున్న ఊళ్ళో ఒక గుమాస్తాగారింట వాడికి భోజనం కుదిర్చి, ఆ రాత్రి వాళ్ళ అరుగు మీదే పడుకున్నాను. మర్నాడు రేవు దాటి, దొరికిన బండిలో ఒక్కణ్ణే తిరిగి వస్తూ దారి పొడవునా నేలనే చూశాను. అంతా ఒకే చదునుగా ఉంది. నీళ్ళకు తెలిసే ఆ పల్లం ఎక్కడుందో ఎంత చూసినా నాకు కనపడలేదు.